పక్కన పెట్టిన పదకొండు పొట్లాలు

నంద్యాలలో పత్తి పరిశోధన పొలాల్లో ముప్ఫై నాలుగేళ్లు ఫీల్డ్ అసిస్టెంట్‌గా పనిచేశాను. సాయంత్రం, మరునాడు విచ్చబోయే మొగ్గను గోటితో చీల్చి, మగ భాగాలు తీసేసి, ఎర్ర కాగితం తొడిగేవాళ్లం. పొద్దున్నే కాగితం తీసి వేరే రకం పుప్పొడి రాసేవాళ్లం. క్రాసింగ్ అంటారు ఈ పనిని. ఇది ఓపిక ఉంటే ఎవరికైనా వస్తుంది. నాకు పేరు తెచ్చింది ఇంకో పని, బెరకులు ఏరడం.

బెరకు అంటే ఆ రకానికి ఉండాల్సిన రూపం లేని మొక్క. ఆకు కాస్త వెడల్పయినా, కాండం ఎరుపు తిరిగినా, పువ్వు లోపలి మచ్చ లేకపోయినా అది బెరకే. చాళ్ల వెంట నడుస్తూ వాటిని వేళ్లతో సహా పీకి గట్టు అవతల వేయాలి. అనుమానం వస్తే పీకేయమని మా పై అధికారి చెప్పేవారు. నేను వరసలో పది అడుగుల దూరం నుంచే గుర్తుపట్టేవాణ్ని. నేను నడిచిన మడిని రెండోసారి ఎవరూ చూసేవారు కాదు.

పంతొమ్మిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. వాన ఎంత పడింది, ఎన్ని పూలు కట్టాం, ఏ రకం ఏ మడిలో ఉంది, ఇంట్లో ఏం వండారు, ఎవరింట్లో ఎవరు పోయారు. నా భార్య నవ్వేది. "ఎవరు సదువుతారని రాస్తాండావు?" అనేది. ఆమె ఒక ఆసుపత్రిలో నర్సు. మాకు పిల్లలు కలగలేదు. నాలుగేళ్ల కింద ఆమె పోయాక డైరీ చిక్కిపోయింది. కొన్ని రోజులు "ఎండ" అని ఒక్క మాటే ఉంది. కొన్నింట్లో అదీ లేదు, తారీఖు కింద గీత మాత్రం గీసి ఉంది.

ఆ పరిస్థితిలో ఉండగా, మా చర్చికి వచ్చే ఒక టీచరమ్మ నా డైరీల సంగతి చెబితే, ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ప్యాపిలిలో వాళ్ల నాయనకు బట్టల అంగడి ఉందట. ఆమె వేరే రాష్ట్రంలో తోడేళ్ల జన్యువుల మీద పరిశోధన చేస్తోంది. చెప్పులు గడప బయట విడిచి, కూర్చోకముందే అడిగింది.

"సార్, మీ డైరీల్లో తోడేలు అన్న మాట యాడన్నా రాసినారా?"

నా డైరీల్లో ఏముందని అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయి. బీరువా తెరిచి చూపించాను. మూడు రోజులు మా వరండాలో కూర్చుని ఒక్కో పుస్తకం తిరగేసింది. తొమ్మిది చోట్ల దొరికింది. రాసిన సంగతి నాకే గుర్తు లేదు. ఒకచోట ఇలా ఉంది: "సాయంత్రం పని ముగిశాక బీడులో రెండు తోడేళ్లు. కూలి ఆడవాళ్లు కేకలేస్తే మెల్లగా నడిచి పోయాయి, పరుగెత్తలేదు." ఆ అమ్మాయి అది చదివి చాలాసేపు నవ్వుతూనే ఉంది.

మన గడ్డి బీళ్లలో తిరిగే తోడేళ్ల గురించి ఆమె చెబితేనే మొదటిసారి విన్నాను. ప్రపంచంలో ఉన్న తోడేళ్లలో మన వాటి వంశం చాలా పాతదని, మిగతా వాటి నుంచి ఎప్పుడో విడిపోయిందని ఈ మధ్యే జన్యువులు చదివి కనుక్కున్నారట. అడవి జంతువు అనగానే అందరూ పులిని తలుచుకుంటారు కానీ, బీడును అడవి కిందే లెక్కవేయరు. దున్నేస్తారు, ప్లాట్లు వేస్తారు. తోడేలుకు జత దొరక్క ఊరకుక్కలతో కలుస్తోంది. అట్లా పుట్టినవి మళ్లీ కలిస్తే కొన్నాళ్లకు పైన తోడేలు, లోపల కుక్క. చూసి చెప్పలేం. జన్యువే చెప్పాలి.

"జన్యువు తీయాలంటే తోడేలును పట్టాల్నా అమ్మా?" అని అడిగాను.

"పట్టేదేం లేదు సార్. దాని పెంట చాలు. పేగు లోపలి పొర కొంచెం దానికి అంటుకోని వస్తాది. అందులో అంతా ఉంటాది." పుస్తకం మూసి, "మా నాయన పాపం అంగట్లో చెప్పుకోలేడు సార్, కూతురు ఏం చేస్తాంది అని ఎవరన్నా అడిగితే," అంది.

మూడో రోజు వెళ్లబోయే ముందు, ఆళ్లగడ్డ వైపు బీడులో నేను ఏరి పంపగలనా అని అడిగింది. సరే అన్నాను. ఎట్లా చేయాలో చెప్పింది. చేత్తో ముట్టకూడదు. పుల్లతో తీసి కాగితంలో చుట్టి, తేమ పీల్చే గుళికలున్న కవర్లో వేయాలి. ఆమె ఇచ్చిన అచ్చు చీటీ గడుల్లో తారీఖు, చోటు, ఏ జంతువుదని అనిపిస్తే అది రాయాలి. చివర ఒక మాట చెప్పింది. దాన్ని డైరీలో ఆమె చెప్పినట్టే రాసుకున్నాను: "ఏది కనబడితే అది తీయండి సార్. మీరు ఎంచొద్దు."

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం నంద్యాల బస్టాండులో తొలి బస్సు ఎక్కేవాణ్ని. ఆళ్లగడ్డకు ముందు ఒక స్టేజీలో దిగి తూర్పుగా కొండల వైపు నడిస్తే బీడు. ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు ఆ అమ్మాయి ఫోను చేసేది. ఆ వారం దొరికినవి చెప్పేవాణ్ని. పావుగంట పని మాటలు, పావుగంట పనికిరాని మాటలు. అన్నం ఏం చేసుకున్నారు సార్ అనేది. ఆమె హాస్టలు సాంబారు గురించి తిట్లు. నాకు మరి ఎవరూ ఫోను చేసేవారు కాదు. నాలుగున్నరకే మొహం కడుక్కుని చొక్కా మార్చుకునేవాణ్ని. ఫోనులో కనబడనని తెలుసు.

బీడులో నాకు పరిచయమైంది ఒక గొర్రెల కాపరి. పాములపాడు వైపు మనిషి. కోతలు అయ్యాక మందను తోలుకొచ్చి ఎరువు కోసం రైతుల పొలాల్లో ఆపేవాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడేమో. మొదటిరోజు నేను వంగి పుల్లతో తీస్తుంటే దూరం నుంచి చూసి దగ్గరకొచ్చాడు.

"ఏంది సారూ, ఏమన్నా పోగొట్టుకున్నావా?"

"లేదప్పా. తోడేలు పెంట."

వాడు నన్ను, కవరును, మళ్లీ నన్ను చూశాడు. "సదువుకున్నోళ్లకు పెన్షను ఇచ్చేది ఇందుకా?"

తర్వాత్తర్వాత నన్ను చూడగానే కేకేసేవాడు. "సారొచ్చినాడు! ఆ రాయి పక్క ఒకటుంది చూడుపో, వెచ్చంగా ఉంటాది!" కొన్నిసార్లు నిజంగానే ఉండేది. తన టీ గ్లాసులో నాకూ పోసేవాడు. మందకు కాపలా ఒక నల్ల ఆడకుక్క ఉండేది, చెవి ఒకటి కోసుకుపోయింది. నేను వస్తే మొరగడం కూడా మానేసింది.

ఇక నేను చేసిన తప్పు.

మొదటి నెలలోనే కొన్ని చూడగానే నాకు తెలిసిపోయేది, ఇవి తోడేలువి కావని. తోడేలుది మెలి తిరిగి, కొన సన్నగా, నిండా వెంట్రుకలతో, ఎముక తునకలతో ఉంటుంది. ఎండకు తెల్లబడుతుంది. ఇవి మెత్తగా, సంగటి మెతుకులు, జొన్న పొట్టు కలిసి, మంద చుట్టూ పడి ఉండేవి. కుక్కవి. వీటిని పోస్టులో ఒక పెద్ద పరిశోధనశాలకు పంపితే, అక్కడి వాళ్లు ఈ ముసలాయనకు కుక్కకూ తోడేలుకూ తేడా తెలియదా అనుకుంటారు కదా. నాకు సిగ్గనిపించింది. అన్నీ తీసేవాణ్ని, అన్నింటికీ చీటీ రాసేవాణ్ని. ఇంటికొచ్చాక వరండాలో పాత పేపరు పరిచి ఏరేవాణ్ని. మంచివి పార్సిల్లోకి, మిగతావి పక్కకు.

పారేయలేదు. విత్తనాల పనిలో పంపిన ప్రతి మూటకూ ఒక పొట్లం వెనక దాచడం అలవాటు, రేపు ఎవరైనా తగువు తెస్తే చూపించడానికి. ఆ అలవాటుకొద్దీ పక్కన పెట్టినవి కూడా గుళికలు వేసి ఒక రేకు డబ్బాలో పెట్టాను. మూత మీద "బెరకులు" అని రాశాను. ఏడాది దాటేసరికి ఇరవై ఆరు పంపాను. డబ్బాలో పదకొండు మిగిలాయి.

ఒక ఆదివారం ఫోను ఐదుకు ముందే మోగింది.

"సార్! మీవి ఫలితాలు వచ్చినాయి. అన్నీ ఒక్కదానివే సార్!"

"ఒక్కదానివా?"

"కొన్ని చదవేకి రాలేదు. వచ్చినవన్నీ ఒకే మగ తోడేలువి. ఆడది లేదు, పిల్లలు లేవు. ఏడాది పొడుగునా అదొక్కటే తిరుగుతాంది."

నేను అప్పటిదాకా నాలుగైదు ఉన్నాయనుకున్నాను. దారి పొడవునా, రాళ్ల మీద, దారులు కలిసే చోట అన్ని గుర్తులు చూసి గుంపు అనుకున్నాను. అదంతా ఒక్కటే, ఇది నా చోటని ఎవరికో చెబుతూ తిరిగిందన్నమాట. వినడానికి ఎవరూ లేరు.

ఆమె గొంతులో మాత్రం సంతోషం. "కానీ శుద్ధమైంది సార్. కుక్క కలవనే లేదు. నేను చూసిన నాలుగు జాగాల్లో మూడింట్లో కలిసినాయి. మీ బీడు ఒక్కటే మిగిలింది. దీని మీదనే నా థీసిస్‌లో ఒక అధ్యాయం రాస్తాండా. కింద మీకు కృతజ్ఞతలు పెడతా."

నేను మంచిదమ్మా అన్నాను. ఫోను పెట్టాక రేకు డబ్బా వైపు చూశాను.

పత్తి మడి శుద్ధంగా ఉందంటే విత్తనం గొప్పతనం కాకపోవచ్చు. అందులో బెరకులు ఏరిన మనిషి బాగా ఏరాడని మాత్రమే కావచ్చు. ఇది నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ బీడులో కుక్క కలవలేదన్న మాట తోడేలు చెప్పింది కాదు. నేను ఏరితే వచ్చింది.

ఆ పదకొండు ఊరకే కుక్కలవే అయితే ఏమీ కాదు. అయితే అది నాకెట్లా తెలుసు? కళ్లతో చూసి చెప్పలేమని ఆ అమ్మాయి మొదటిరోజే చెప్పింది. ఎంచొద్దని కూడా చెప్పింది. నా చేత్తో నేనే రాసుకున్నాను.

డబ్బా సంగతి ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెత్తబండి రోజూ పొద్దున మా వీధికి వస్తుంది. చెబితే ఆమె రాసిన అధ్యాయం పోతుంది. నా మీద నమ్మకం పోతుంది. ఆదివారం ఐదు గంటలు పోతుంది. నిజం చెప్పాలంటే మూడోదానికే నేను ఎక్కువ భయపడ్డాను. ఆ వారం చెప్పలేదు. తర్వాతి వారం ఫోనులో ఆమె వాళ్లమ్మ చేసిన ఓళిగల గురించి చెబుతుంటే వింటూ కూర్చున్నాను, చెప్పలేదు. మూడో ఆదివారం చర్చి నుంచి వచ్చి రేకు డబ్బా దించి పొట్లాలు మళ్లీ లెక్కపెట్టాను. ఆ సాయంత్రం ఆమె హలో అనగానే చెప్పేశాను.

"నేను కొన్ని పంపలేదమ్మా. పక్కన పెట్టినాను."

"ఏవి సార్?"

"కుక్కవి అనుకున్నవి."

"ఎన్ని?"

"పదకొండు. భద్రంగానే ఉన్నాయి. తారీఖులు, చోట్లు అన్నీ రాసినాను."

"ఎంచొద్దని చెప్పినా కదా సార్."

"చెప్పినావమ్మా."

"అధ్యాయం మా గైడుకు ఇచ్చేసినా సార్, మొన్ననే." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది. "పంపండి," అని పెట్టేసింది.

సోమవారం పొద్దున పెద్ద పోస్టాఫీసు తలుపు తీయకముందే అరుగు మీద కూర్చున్నాను. రిజిస్టర్ పార్సిలు చేశాను. డైరీలో ఆ పేజీలు కూడా జిరాక్సు తీసి లోపల పెట్టాను.

తర్వాతి ఆదివారం ఫోను రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. పార్సిలు చేరిందని వాళ్ల ఆఫీసు నుంచి ఎవరో రెండు ముక్కల సందేశం పెట్టారు. వాన మొదలైంది. బీడులో పచ్చిగడ్డి మొలిచింది. నేను వారానికి రెండుసార్లు వెళ్లడం మానలేదు. ఏది కనబడితే అది తీశాను, సంగటి మెతుకులున్నవి కూడా. అడిగేవాళ్లు లేకపోయినా తీశాను. ఆదివారాలు మాత్రం పొడుగైపోయాయి. చర్చి అయ్యాక ఇంటికొచ్చి, అన్నం వండుకుని, గిన్నె కడిగేసినా మూడు గంటలు కూడా అయ్యేది కాదు.

చలికాలంలో ఒక బుధవారం, మధ్యాహ్నం పూట, ఆ అమ్మాయి ఫోను చేసింది.

"సార్, బాగుండారా?" అంది. తర్వాత సూటిగా విషయంలోకి వచ్చింది. పదకొండులో నాలుగు చదవడానికి రాలేదు. ఆరు కుక్కవే. ఒకటి సగం కుక్క, సగం తోడేలు.

"ఆ తోడేలు సగం మన మగదే సార్. దాని బిడ్డ అది. పదో నంబరు పొట్లం. మంద పక్కన దొరికిందని రాసినారు. ఎవరి మంద?"

ఎవరి మందో నాకు తెలుసు. తెలియదని అనవచ్చు కూడా, కానీ ఎవరిదో చెప్పాను.

"అధ్యాయం మళ్లా రాస్తాండా," అంది. "ముందు రాసిందాని కంటే ఇదే నిజం. కానీ సార్, మీ మీద నాకు శానా కోపం వచ్చింది."

"తెలుసమ్మా."

"మీకు చెప్పాలనిపించింది, అంతే," అని పెట్టేసింది.

శుక్రవారం కాపరి దగ్గరకు వెళ్లాను. మందను ఆ ఏడు ఆళ్లగడ్డకు ఇంకా దగ్గరగా ఆపాడు. విషయం చెబితే వాడు ఆశ్చర్యపోలేదు. బీడీ ఆర్పి పక్కన పెట్టాడు.

"అది నాకు ముందే తెల్సు సారూ. పోయినేడు దసరా అయినాక తోడేలు మంద సుట్టూ తిరిగేది. గొర్రెను ముట్టలే. మా నల్లదాని కోసరం వచ్చేది. మేము అరిస్తే పోయేది, మళ్లా వచ్చేది."

"నాకెందుకు చెప్పలేదప్పా?"

"నువ్వు యాడ అడిగితివి? నువ్వొచ్చేది పియ్యి ఏరేకి కదా." నవ్వి, మళ్లీ నవ్వు ఆపాడు. "నాలుగు పిల్లలు ఈనింది. మూడు సచ్చిపోయినాయి. ఒకటి పెరిగింది, కండ్లు పసుప్పచ్చగా ఉండె. మనిషి దగ్గరికి రాదు, మందను వదిలి పోదు. మొన్న వానల్లో లారీ కింద పడింది."

"మీరు ఆ తోడేలును తరమలేదా?"

"తరిమినాం. ఏం చేస్తాది సారూ అది? దాని జాతిది ఇంకోటి కనపడితే ఇటు వస్తాదా?"

సంక్రాంతి తర్వాత ఆ అమ్మాయి, ఇద్దరు పశువుల డాక్టర్లు జీపులో వచ్చారు. మంద కుక్కలకు పిచ్చికుక్క టీకాలు వేసి, ఆడకుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తామన్నారు. ఇకమీదట బీడులో కలవడం ఆగాలంటే అదే దారి. కాపరి టీకాలకు ఒప్పుకుని, ఆపరేషన్‌కు చాలాసేపు బేరమాడి, చివరకు సరేనన్నాడు. నల్లది కొత్తవాళ్లను దగ్గరకు రానివ్వలేదు. నేనే తల పట్టుకున్నాను. మత్తుమందు ఎక్కేదాకా అది నా మోచేతి మీద గడ్డం ఆనించి ఉంది.

చెట్టు కింద బల్ల వేసి ఆపరేషన్ చేస్తుంటే కాపరి నా పక్కన నిలబడ్డాడు.

"ఇంక అది ఇటు రాదులే," అన్నాడు. "దానికున్న ఒక్క జతనూ తీసేస్తిమి."

చేయాల్సిందేనని నాకు తెలుసు. ఆ పాత వంశం మిగలాలంటే కలవకూడదు. జీవితమంతా నేను చేసిందీ ఆ లెక్కే. అయినా ఆ తోడేలుకు వంశం సంగతి తెలియదు.

వెళ్లేముందు ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి నీళ్ల సీసా ఇచ్చింది. నేను తర్వాత ఏరిన పొట్లాలు సంచి నిండా ఇచ్చాను. అన్నీ చూసింది. "ఇవి కుక్కవి సార్," అంది ఒకటి పట్టుకుని, కొంచెం నవ్వుతూ. "నాకు తెలవదమ్మా," అన్నాను. ఆమె థీసిస్ సమర్పించే పనిలో ఉందట. తర్వాత ఈశాన్య రాష్ట్రాల వైపు ఏదో ఉద్యోగానికి పోవచ్చట. ఆదివారం మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. జీపు మట్టిరోడ్డు దాటి మెయిన్ రోడ్డు ఎక్కేదాకా చూసి బస్సు స్టేజీకి నడిచాను.

నల్లకుక్క కోలుకుంది. మంద చుట్టూ తోడేలు గుర్తులు మళ్లీ కనబడలేదు. కాపరి చెప్పినట్టే అది ఇటు రావడం మానేసింది. ఉందో లేదో కూడా తెలియకుండా రెండు నెలలు గడిచాయి. డైరీలో మంగళ, శుక్రవారాల కింద "ఏమీ దొరకలేదు" అని రాస్తూ వచ్చాను.

పోయిన మంగళవారం మందకు చాలా దూరంగా, కొండకు పోయే బాటలో, ఒక తెల్లరాయి మీద ఒకటి కనబడింది. రాత్రిదే, ఇంకా ఆరలేదు. కొన సన్నగా ఉంది, వెంట్రుకలున్నాయి. పుల్లతో తీసి కాగితంలో చుట్టాను. చీటీ మీద తారీఖు, చోటు, దారి మలుపు నుంచి ఎన్ని అడుగులో రాశాను. ఏ జంతువుదో రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేసి, బస్సు టైమవుతోందని లేచాను.